సముద్రమట్టం నుంచి రెండు వందల ముప్ఫై

జూన్ 3

మా బావిని తాగేసింది నువ్వే. ఈ నోట్‌బుక్ ఎవరి చేతికి చిక్కినా సరే, నీకే చెబుతున్నాను. నీకు కిస్‌మిస్ కావాలి, పిస్తా కావాలి, డిసెంబర్‌లోనూ పచ్చగా ఉండే సలాడ్ కావాలి. అవి పండే నేల కింద ఏం మిగిలిందో మాత్రం నీకు అక్కర్లేదు. చట్టం ఉంది కదా అంటావు. ఉంది. ఒకే భూగర్భజలాన్ని పంచుకునే స్థానిక నీటి ఏజెన్సీలన్నీ కూర్చుని, కలిసి ప్లాన్ రాసుకుని, నీటిమట్టాన్ని కాపాడాలని ఉంది. కాపాడకపోతే రాష్ట్రమే వచ్చి పెత్తనం చేస్తుందని ఉంది. చట్టాన్ని నమ్మి హాయిగా నిద్రపోయే నీలాంటివాళ్ళ మీద నాకు కంపెనీల మీదకన్నా ఎక్కువ కోపం.

కాలిఫోర్నియాలో మా ఊరు ఎల్ ట్రెబోల్‌లో ముప్ఫై నాలుగు ఇళ్ళు. ఒకటే బావి. ఈరోజు నీళ్ళు 281 అడుగుల లోతున ఉన్నాయి. పంపు 300 దగ్గర వేలాడుతోంది. దాని కింద అంతా ఇసుక. అంటే మాకు మిగిలింది పంతొమ్మిది అడుగులు.

జూన్ 5

పద్దెనిమిదిన్నర.

జూన్ 9

మా నీటి ఏజెన్సీ బోర్డు మీటింగ్. ఏడు కుర్చీల్లో ఆరు రైతులవి. ఇంటి బావులవాళ్ళ తరఫున ఏడో కుర్చీ నాది. మిడిల్ స్కూల్‌లో చరిత్ర చెప్పుకునే ఎర్మీలా కింటేరోకి అక్కడేం పని అని మొదట్లో అడిగేవాళ్ళు. ఇప్పుడు అడగరు, మాట్లాడుతుంటే ఫోన్లు చూసుకుంటారు.

ఆగస్టు 20న శాక్రమెంటోలో విచారణ. మా భూగర్భజలాల బేసిన్‌లోని ఆరు ఏజెన్సీల ప్లాన్లు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో రాష్ట్రం తేలుస్తుంది. పొసగకపోతే ప్రొబేషన్. అంటే ప్రతి పొలం పంపుకీ మీటరు, తోడినదానికి రుసుము. చైర్మన్ దువార్తే టోస్టే పాల డెయిరీ పెద్దమనిషి. తాత ఆజోర్స్ దీవుల నుంచి చేత్తో పాలు పితకడానికి వచ్చాడని ప్రతి మీటింగులోనూ ఒకసారి చెబుతాడు. ఇవాళా చెప్పాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, కరపత్రాలు మీ ఇంట్లో రాసుకోండి. ఆరోజు మాత్రం మనందరికీ ఒకటే నోరు."

నోరు ఒకటే, తాగే గొంతులు ఎవరివని అడిగాను. నవ్వారు.

నేనూ వదల్లేదు. ప్లాన్‌లో మా బావికి ఒక గీత గీశాం, నీళ్ళు 230 దాటి కిందికి దిగకూడదని. ఇప్పుడు 281. గీత దాటి యాభై అడుగులైతే, మీ వార్షిక నివేదికలో "ఉల్లంఘన లేదు" అని ఎలా రాస్తారని నిలదీశాను. మళ్ళీ నవ్వారు. ఈ అబద్ధం గురించి రెండేళ్ళలో పదకొండు కరపత్రాలు వేశాను. ఒక్కడూ జవాబు చెప్పడు. తప్పు చేసినవాళ్ళ నవ్వు అలాగే ఉంటుంది.

జూన్ 17, మధ్యాహ్నం

పా హువా కొలతకి వచ్చింది. లావోస్ నుంచి వచ్చిన మోంగ్ వాళ్ళ పిల్ల, ఏజెన్సీ టెక్నీషియన్. ఉక్కు టేపు చివర నీలం చాక్ రుద్ది బావిలోకి దింపుతుంది. పైకి లాగాక చాక్ ఎంతమేర తడిసిందో చూసి లెక్క చెబుతుంది. ఆమెకి నేనంటే గౌరవమో జాలియో నాకు తెలియదు. ఇద్దరం షెడ్డు నీడలో నిలబడ్డాం. మళ్ళీ అదే పాట పాడాను. మార్చిలో పంపులన్నీ ఆపి, పడుకున్న నీళ్ళని కొలిచి, జులైలో పరుగెత్తే నీళ్ళ గురించి నివేదిక రాస్తారన్నాను. 230 దాటినా దాటలేదంటారన్నాను. ఆమె టేపు చుట్టడం ఆపేసింది.

"అక్కా, ఆ 230 నేల నుంచి కాదు. సముద్రమట్టం నుంచి."

అర్థం కాలేదు. చాక్ ముక్కతో షెడ్డు గోడ మీద రాసి చూపించింది. మా నేల సముద్రానికి రెండు వందల అడుగుల ఎత్తున ఉంది. గీత సముద్రానికి 230 అడుగుల కింద ఉంది. కూడమంది. నేను కూడాను.

నాలుగు వందల ముప్ఫై.

మా బావి ఎండిపోయి, ఇసుక కూడా ఎండిపోయి, ఇంకా నూట ముప్ఫై అడుగులు దిగినా ఉల్లంఘన లేదు. వాళ్ళు అబద్ధం రాయలేదు. నాలుగేళ్ళ క్రితం ఆ గీతకి ఓటేసింది నేను.

జూన్ 18

స్కూల్‌కి సెలవులు. కాబట్టి ఎవరికీ మొహం చూపించక్కర్లేదు.

జూన్ 21

నాలుగేళ్ళ నాటి మీటింగుల వీడియోలు ఏజెన్సీ సైట్‌లో ఉన్నాయి. చూశాను.

అప్పట్లో మా నీళ్ళు 215 అడుగుల లోతున ఉండేవి. పట్టికలో "-230" కనబడింది. మైనస్ అంటే నేల కింద అనుకున్నాను. ఇంకో పదిహేను అడుగులే దిగనిస్తారు, గెలిచాం అనుకున్నాను. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆ సముద్రమట్టం లెక్క రావడానికి కారణం కూడా నేనే. అంతకుముందు ఆరు ఏజెన్సీలూ ఆరు నేలల మీద నుంచి ఆరు రకాలుగా కొలిచి తగాదా పడేవి. ఇలాగైతే సహకారం ఎలా కుదురుతుంది, అందరికీ ఒకే కొలబద్ద ఉండాలని నేను ఉపన్యాసం ఇచ్చాను. కెమెరా వైపు చూసి మరీ ఇచ్చాను. చప్పట్లు పడ్డాయి. మూడు నెలల తర్వాత వాళ్ళు నేనడిగిన ఆ ఒకే కొలబద్దతో, సముద్రమట్టంతో, పట్టిక వేసుకొచ్చారు. నా చెయ్యే అందరికన్నా ముందు లేచింది.

పా హువా చెప్పింది, ఇంటి బావులతో బతికే ఊళ్ళు మా బేసిన్‌లో ఇంకా పదకొండు ఉన్నాయట. వాటి గీతలూ ఆ పట్టికలోనివే.

జూలై 2

టోస్టే డెయిరీకి వెళ్ళాను. తెలిసే ఊరుకున్నారా అని అడిగాను. ఆయన దూడకి సీసాతో పాలు పడుతున్నాడు. పట్టడం ఆపలేదు.

"మీరు ఒక్కసారైనా అడిగారా? ఎప్పుడూ మీరే చెబుతారు."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. ఆయనన్నది నిజం కాదు. అబద్ధమూ కాదు. సగం నిజం. వచ్చిన ఓటు తమకి పనికొస్తే, అది అర్థమయ్యే పడిందా అని అడగాల్సిన పని వాళ్ళకీ ఉంది. ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం అంటే అదే కదా. ఈ వాదన నాకు ఇంటికొచ్చాక తోచింది. ఎప్పుడూ ఇంతే.

జూలై 11

292. కుళాయి దగ్గుతోంది. నీళ్ళు టీ రంగులో వస్తున్నాయి. ఎదురింటి ముసలామె, డోన్యా చేలో అంటాం, బీన్స్ కడిగిన నీళ్ళు బకెట్‌లో పోసి, వాటితోనే నేల తుడుస్తోంది. ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మీటింగుల్లో నువ్వున్నావు కదమ్మా, మాకేం భయం అంది. నిజంగానే అంది, వెటకారం కాదు. వెటకారం అయినా బాగుండేది.

జూలై 20

టోస్టే మా ఇంటికి వచ్చాడు. నేను ఆగస్టు 20న నోరు మూసుకుంటే ఎల్ ట్రెబోల్‌కి ఆరు వందల అడుగుల కొత్త బోరు వేయిస్తానన్నాడు. సెప్టెంబర్ అజెండాలో పెడతాడట. మిగతా పదకొండు ఊళ్ళ సంగతేమిటన్నాను. ముందు మీ ఇల్లు చూసుకోండి అన్నాడు. తిట్టి పంపాలి. పంపలేదు. కాఫీ ఇచ్చాను.

జూలై 21

తమ్ముడు ఎయుసేబియో వచ్చాడు. వాడికి ముప్ఫై ఎనిమిది ఎకరాల ద్రాక్ష తోట ఉంది. కిస్‌మిస్ ఆరబెట్టే సీజన్ దగ్గరికొచ్చింది. ప్రొబేషన్ వస్తే వెయ్యి ఎకరాలవాడు లాయర్ని పెట్టుకుంటాడు, నేను తోట పీకించుకుంటాను అన్నాడు.

"రాయి వాళ్ళమీదకే విసురుతావు అక్కా. తగిలేది నాకు."

నేను న్యాయం గురించి మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను. వాడు తింటున్న ఎంచిలాడా సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నా మాటలకి ఎవరూ ఎందుకు ఒప్పుకోరో నాకు తెలుసు. కరెక్ట్‌గా ఉంటాయి.

ఆగస్టు 3

298.

ఆగస్టు 5

బోరు కావాలి. కావాలి. ఆరు వందల అడుగుల చల్లటి నీళ్ళు. ఒక్క సంతకానికి కాదు, ఒక్క మౌనానికి. నేనెవర్ని కాదనడానికి? ముప్ఫై నాలుగు ఇళ్ళవాళ్ళు నన్ను పంపింది నా మనస్సాక్షి కడుక్కోవడానికి కాదు. పదకొండు ఊళ్ళవాళ్ళ మొహాలు నాకు తెలియవు కూడా.

తెలియకపోవడం వల్లే కదా ఒకసారి చెయ్యెత్తాను.

ఆగస్టు 12, ఉదయం 10:40

పంపు గాలి పీల్చింది. కాలిపోకముందే స్విచ్ ఆపేశాను. నేనే ఆపాను. ముప్ఫై నాలుగు ఇళ్ళు.

ఆగస్టు 20, శాక్రమెంటో

మనిషికి మూడు నిమిషాలు. ముందు ఆకుపచ్చ దీపం, తర్వాత పసుపు, చివర ఎరుపు. ఆరు ఏజెన్సీల చైర్మన్లూ ఒక వరసలో కూర్చున్నారు. ఒకటే నోరు, ఒకే రంగు టైలు. మా సహకారం ఈ రాష్ట్రానికే ఆదర్శం అన్నారు. నా వంతు వచ్చింది. ఉపన్యాసం రాసుకెళ్ళాను, చదవలేదు. పట్టిక పేజీ ఎత్తి చూపించి, ఈ అంకెకి నేను ఓటేశాను, అది నేల నుంచి అనుకున్నాను, మా పంపు 300 దగ్గర ఉంది, మీ గీత 430 దగ్గర ఉంది, మా బావి ఎండి ఎనిమిది రోజులైంది అన్నాను. పసుపు దీపం కూడా వెలగలేదు. నా జీవితంలో ఇంత తక్కువ ఎప్పుడూ మాట్లాడలేదు.

రాష్ట్ర బోర్డు మెంబర్ ఒకామె అడిగింది, ఓటేసినప్పుడు మీకు అర్థం కాలేదా అని.

"లేదండీ. నా పక్కన కూర్చున్నవాళ్ళకి అర్థమైంది."

సాయంత్రం నాలుగింటికి ప్రొబేషన్ ప్రకటించారు. పన్నెండు ఊళ్ళ గీతలు మళ్ళీ గీయాలన్నారు. గడువు ఏడాది. కారిడార్‌లో టోస్టే నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు. సెప్టెంబర్ అజెండాలో మా బోరు ఇక ఉండదు. అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఎయుసేబియో రైతుల బస్సులో వచ్చాడు, రైతుల బస్సులోనే వెళ్ళిపోయాడు. నేను కిటికీ వైపు చెయ్యి ఊపాను.

ఆగస్టు 24

బావి ఎండినప్పటి నుంచి వస్తున్న నీళ్ళ ట్యాంకర్ ఇవాళ రాలేదు. ఇప్పుడు ఎల్ ట్రెబోల్ ఎవరి పరిధిలోకి వస్తుందో ఏజెన్సీ వాళ్ళకీ తెలియదట, రాష్ట్రం వాళ్ళకీ తెలియదట. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. డోన్యా చేలో తన గుమ్మంలో ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. చేసిన పని మంచిదేనమ్మా అంది. దాహంగా ఉంది అని కూడా అంది.

ఆగస్టు 27

ఏజెన్సీకి, రాష్ట్రానికి, ఇద్దరికీ ఒకే కాగితం. బోర్డు వాళ్ళు నా రాజీనామా అడిగారు. దానికి బదులు ఇది ఇస్తున్నాను.

1. గీత పంపుకి పైన ఉండాలి. పన్నెండు ఊళ్ళలోనూ.
2. ప్రతి అంకె పక్కన నేల నుంచి లోతు రాయాలి. స్పానిష్‌లో కూడా.
3. కొలత జులైలో తియ్యాలి, పంపులు తిరుగుతుండగా.
4. ఇంటి బావికి మైలు దూరం లోపు కొత్త బోరుకి పర్మిట్ ఇవ్వకూడదు.
5. నలభై ఎకరాల లోపు వాళ్ళకి రుసుము వద్దు.
6. ఈ సాయంత్రానికి నీళ్ళు.