హార్బరు నుంచి వచ్చిన కేక

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మాదాపూర్‌లో నువ్వు ఫుట్‌బాల్ నేర్పిన మైదానానికి వెళ్లాను. కంప్యూటర్ కంపెనీల కోసం తవ్వేస్తున్నారు. మట్టి లారీ వెనక నుంచి నా మీదికి వస్తుంటే వాచ్‌మన్ "మా నాన్న!" అని అరిచాడు. పక్కకు దూకాను.

"ఏందిరో, మీ నాయన యాడ?" డ్రైవర్ వాచ్‌మన్‌ను చూసి నవ్వాడు.

విశాఖ హార్బరు కట్టడానికొచ్చిన ఇంగ్లీషు పనివాళ్లు తాతయ్య వాళ్లకు ఆట నేర్పుతూ, వెనక నుంచి ఎవరైనా మీదికొస్తే "మేన్ ఆన్" అని అరిచేవారట. వీళ్లకది "మా నాన్న" అని వినబడింది. నువ్వూ అలాగే నేర్పావు.

అరిచింది నీ శిష్యుడు యాదగిరే.

"ఒక మూలైనా పిల్లల్ని ఆడుకోనివ్వు" అన్నాను.

"ఆట ఖతమైందక్కా. ఒక్కన్ని రానిచ్చినా నా నౌకరి పోతది" అంటూ, నా మొహం చూడకుండా గేటు వేశాడు.