ఖబరస్తాన్ పిట్టలకు గోరువెచ్చని నీళ్ళు

పురపాలక ఖబరస్తాన్ల విభాగపు అధికారి గారి సముఖమునకు,

ఎర్జురుమ్ జిల్లా, ఎగువ పేట నివాసి, రైల్వేలో పాయింట్స్‌మన్‌గా రిటైరైన వెహ్బీ అక్‌తాష్ (74 సం.) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చలికాలం ముగియువరకు రోజూ ఉదయం ఎనిమిదికి అరగంటసేపు నన్ను ఖబరస్తాన్‌లోనికి రానిచ్చుట గురించి.

1. నా భార్య మెవ్లూదె పోయిన సంవత్సరం కాలం చేసినది. మన ఆచారం ప్రకారం ఆమె సమాధి రాతిపై పిట్టలు తాగుటకు దోసెడు నీళ్ళు పట్టే గుంట చెక్కించితిని. పిట్ట తాగిన ప్రతి గుక్క పుణ్యమూ లోపలివారికి చేరునని తమకు తెలియనిది కాదు.

2. మా ఇంటిని, పెరటిని, మూడు ఆపిల్ చెట్లను పురపాలక సంఘము వారు తొలగించి, నాకు ఏడవ అంతస్తులో ఫ్లాటు ఇచ్చినారు. హీటరు బాగున్నది. పిట్టలు లేవు. పెరట్లో వాటికి నీళ్ళు పెట్టినది మెవ్లూదెయే. ఇప్పుడు నాకు పెరడంటే ఆ సమాధే.

3. రాత్రంతా గడ్డకట్టిన చలిలో ఉన్న పిట్టలకు పొద్దున్నే దాహం ఎక్కువ. అందువలన ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళతో ఎనిమిదికే వెళ్ళుచుంటిని. పదకొండుకు ముందు గేటు తీయరాదని కొత్త ఉత్తర్వు వచ్చినదట. కాపలాదారు దుర్సున్‌కూ నాకూ జరిగిన సంభాషణ ఉన్నదున్నట్లు:

"ఏం బాబాయ్, ఇంత మంచు పడుంటే పిట్టలకి నీళ్ళు కరువా? తినమను!"

"నీకు దాహమేస్తే నువ్వు మంచు నములుతావురా? అది కరగాలంటే ఒంట్లో వేడుండాలి. పిట్ట ఒళ్ళెంత, దాని వేడెంత!"

"నా చేతుల్లో ఏముంది బాబాయ్? జనాజా వస్తే ఏ టైముకైనా గేటు తీస్తా. బతికున్నోళ్ళకి మాత్రం పదకొండే."

అయ్యా, ఉత్తర్వును రెండుసార్లు చదివితిని. అతడు చెప్పినది నిజమే. గేటు ముందే ఏడుపొచ్చింది.

4. సమాధి రాయి పగులగొట్టిన ఆకతాయిపై చర్య తీసుకొందుమని తమ నోటీసు. ఆ ఆకతాయిని నేనే. ఉత్తర్వుకు ముందు ఒక పొద్దున, గుంటలో గడ్డ కరగక, పిట్టలు దాని చుట్టూ గంతులేస్తుంటే చూడలేక, గడ్డకట్టిన కుళాయికీ తాళానికీ ఇక్కడ అందరం చేసినట్టే మరిగే నీళ్ళు పోశాను. ఫట్‌మన్నది. పగులు సరిగ్గా ఆమె పేరు మధ్యనుంచి పోయినది. నలభై ఆరేళ్ళు "మీకు బొత్తిగా ఓపిక లేదండీ" అని తిట్టిన మనిషి, ఈసారి ఒక్క మాటా అనలేదు.

5. దాచడమెందుకు? రోజు మొత్తంలో నేను నోరు విప్పేది ఆ అరగంటే. పిట్టలు ఊరికే దిగవు. మెవ్లూదె లాగా "రండమ్మా, రండి, చల్లారిపోతున్నాయి" అని పిలవాలి. పదకొండుకు అవి ఉండవు. ఎవరైనా ఎక్కి పలకరిస్తారేమోనని లిఫ్టులో ఊరికే పైకీ కిందికీ తిరిగిన రోజులు కూడా కలవు.

కావున ఈ అరగంటను దయతో మంజూరు చేయించగలరని వేడుకొనుచు, నా మొరను చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
వెహ్బీ అక్‌తాష్

తా.క.: ఆమె పక్క స్థలం నాకే కేటాయించారు. నా రాయికి కూడా గుంట పెట్టమని నిన్న రాళ్ళు చెక్కే అతనికి చెప్పాను. "సరే మామా, చెక్కుతా. మరి నీళ్ళెవరు పోస్తారు?" అన్నాడు. మాకు పిల్లల్లేరు. రేపు చెబుతానని వచ్చేశాను. తమ ఆఫీసులో పొద్దున్నే లేచే అలవాటున్నవారెవరైనా ఉంటే, పేరు తెలియజేయండి.