దాపలకి తిరిగిన మారుతి

మా ఊరు,
ఫిబ్రవరి 11, ఆదివారం.

బావా,

ఈ ఒక్క మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. "ప్రియమైన" అంటే నువ్వు నవ్వుతావు, "యుగంధర్ గారికి" అంటే నాకే నవ్వొచ్చింది. వరసకి బావవి కాకపోయినా కాలేజీలో చదివేటప్పటి నుంచి నోట్లో నానిన పిలుపు ఇదొక్కటే, ఇదే ఉండనీ. నీ పారాదీప్ చిరునామా కోసం కళింగపట్నం వెళ్ళి మీ అక్క బుల్లమ్మ వదిన గుమ్మంలో రెండు గంటలు కూర్చున్నాను. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వలేదు. "ఆడు ఇవ్వద్దన్నాడే దేవీ, నానేటి సేతును?" అంది. పోన్లే, ఉత్తరమైతే నచ్చకపోతే చింపుకోవచ్చు.

మన మారుతి కారుని నిన్న పాత ఇనప సామాన్లవాళ్ళు పట్టుకుపోయారు. నాన్నని ఒక్కణ్ణీ ఇక్కడ ఉంచలేను. మతిమరుపు బాగా ముదిరింది, పొయ్యి వెలిగించి పొలానికి పోతున్నాడు. నేను పనిచేసే బడి అరసవల్లిలో కాబట్టి అక్కడికే తీసుకుపోతున్నాను. ఇల్లు ఖాళీ చేస్తే పశువులశాలలో ఉన్న ఆ కారుని ఏం చెయ్యాలి? కాలవలోంచి తీసిన రోజున నాన్న దాన్ని ట్రాక్టరుకి కట్టించి అక్కడికి లాగించాడు. పంతొమ్మిదేళ్ళు ఎవర్నీ తలుపు తియ్యనివ్వలేదు, అమ్మనివ్వలేదు, కడగనివ్వలేదు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి.

అది ఇంటికొచ్చిన కొత్తలో దాని దర్జా నీకు తెలీదు. నువ్వు అప్పటికి రాలేదు. మా ఊళ్ళో అదే మొదటి కారు. అమ్మ రోజూ పొద్దున్నే బానెట్టుకి పసుపు రాసేది, సాయంత్రం డ్రైవరు భాస్కర్ తిట్టుకుంటూ తుడిచేవాడు. పుష్కరాలకి అందులో తొమ్మిది మందిమి వెళ్ళామంటే నమ్ము. అమ్మకి కారు పడేది కాదు, ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేది. అయినా ఎవరైనా "పట్నం వెల్దాం రా లక్ష్మణమ్మా" అంటే అందరికన్నా ముందు చెప్పులేసుకునేది తనే. ఎడం పక్క, నాన్న వెనక, ఆ సీటు తనది. ఇంకొకళ్ళు కూర్చుంటే మొహం మాడ్చుకునేది.

నాన్న మాత్రం కారు నేర్చుకోలేదు. "కాళ్ళతో నడిపే బండి బండేటి?" అనేవాడు. ముందు సీట్లో కూర్చుని భాస్కర్‌ని ఎడ్లని తోలినట్టు తోలేవాడు. ఎడమకి తిప్పాలంటే "దాపల!", కుడికైతే "వలపల!" పొలంలో ఎడ్లకి చెప్పే మాటలే. నువ్వు మొదటిసారి విని బిక్కమొహం వేశావు. మీ పడవల్లో ఆ మాటలు లేవు కదా. అప్పుడు నేనే నీ చేతులు పట్టుకుని, ఇది దాపల, ఇది వలపల అని నేర్పాను. ఎన్నిసార్లు నేర్పానో, ఎంత నవ్వుకున్నామో.

నిన్ను చేసుకున్నందుకు నాన్న మూడేళ్ళు మాట్లాడలేదు. శ్రావణి పుట్టాక రానిచ్చాడు కానీ ఏం రానివ్వడం అది! మీవాళ్ళు పంపిన ఎండుచేపల బుట్ట కారు లోపల పెట్టనివ్వలేదు, పైన కట్టించాడు. నువ్వు కూర్చుని దిగిన సీటుని భాస్కర్ చేత ఫినాయిల్ పెట్టి తుడిపించాడు, నువ్వు అరుగు మీద ఉండి చూస్తుండగానే. తినడానికి చేప కావాలి, పక్కన కూర్చోడానికి చేపలవాళ్ళ పిల్లాడు వద్దు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు "పోనియ్యే, పెద్దాయన" అన్నావు. ఆ "పోనియ్యే" వింటే నాకిప్పటికీ కోపమే.

ఆ మాఘ ఆదివారం భాస్కర్‌కి జ్వరం. అమ్మ అరసవల్లి దేవుడికి మొక్కుకుంది, ఆగనంది. నీకు నడపడం వచ్చని తెలిసినా నాన్న తాళం నీ చేతికివ్వడం అదే మొదలు. తెల్లారింది కానీ మంచు, ముందు ఏమీ కనబడడం లేదు. కాలవ గట్టు మీద రెండు మలుపులున్నాయి: ముందు ఎడమకి, తర్వాత కుడికి. మొదటిది దాటేశాం. రెండోది వచ్చేసరికి నాన్న అదే మొదటిదనుకున్నాడు. "దాపల! దాపల తిప్పు!" అని అరిచాడు.

నేను విన్నాను బావా. పాప నా ఒళ్ళో ఉంది, నిద్రపోవడం లేదు నేను. దాపల అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

కారు ఎడం పక్కకి ఒరిగి కాలవలో పడింది. నువ్వు పాపని తీశావు, నన్ను తీశావు, నాన్నని తీశావు. అమ్మ సీటు అన్నిటికన్నా అడుగునుంది. ఆమెని తీసేసరికి అయిపోయింది.

ఆస్పత్రి వరండాలో నాన్న గుండెలు బాదుకుంటూ "వలపల అన్నాన్రా, వలపల అంటే దాపలకి తిప్పేసినాడు" అన్నాడు. అందరూ నమ్మారు. నమ్మక ఏం చేస్తారు? "సముద్రపోడికి దాపలా వలపలా ఏటి తెలస్తాది?" అన్నారు. "సముద్రంలో ఈదినోడు కాలవలో ఒక్క మనిషిని తియ్యలేకపోనాడు" అని కూడా అన్నారు. నువ్వు నా వైపు చూశావు. నేను తల దించుకున్నాను. అమ్మ పోయింది, ఇప్పుడు దాపల అన్నది ఆయనేనంటే నాన్న ఉరేసుకుంటాడని భయపడ్డాను. ఒక్క పూటకే అనుకున్నాను. దినకార్యం అయ్యాక చెబుదాం అనుకున్నాను. దినకార్యం రోజు నువ్వు లేవు.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటావా? మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటైపోయింది. శ్రావణిని బడిలో అడిగారట మీ నాన్న ఏడని. "మా అమ్మమ్మని సంపేసి ఎలిపోనాడు" అని చెప్పిందట. ఏడేళ్ళది. అది దానికి తాత నేర్పిన మాట. ఇంటికొచ్చి నాతో చెబుతుంటే నేను దాని జడ అల్లుతున్నాను, దిద్దలేదు.

నిన్న కారుని లాగుతుంటే నాన్న కర్ర పట్టుకుని ముందు నిలబడ్డాడు. శాల గుమ్మం దగ్గర ట్రాక్టరు వాడు కుడికి తిప్పాలి. నాన్న కుడిచెయ్యి ఊపుతూ "దాపల! దాపల!" అన్నాడు. వాడు నవ్వి "ఎటు తాతా?" అన్నాడు. నాన్న అక్కడే చతికిలబడిపోయాడు. నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని "నాను దాపలే అన్నాను కదే దేవీ... ఆ పొద్దుట" అన్నాడు. రాత్రి అన్నం తిన్నాడో లేదో కూడా గుర్తుండని మనిషికి అది గుర్తుంది. ఇన్నేళ్ళూ తెలుసన్నమాట ఆయనకి.

శ్రావణికి ఇంకా చెప్పలేదు. ఇరవై ఒకటి వచ్చాయి దానికి. నువ్వొస్తే నీ ఎదురుగానే చెబుతాను. రా బావా. నన్ను తిట్టడానికైనా రా. దాని ముందు ఒకసారి తలెత్తుకుని నిలబడు, తర్వాత ఉంటావో పోతావో నీ ఇష్టం.

నీ
దేవి


పారాదీప్,
మార్చి 2.

దేవీ,

బోటు దిగేసరికి నీ ఉత్తరం వలల కొట్లో పది రోజులుగా ఉంది. చింపలేదు. మూడుసార్లు చదివాను. తెలుగు రాసి చాన్నాళ్ళయింది, తప్పులుంటే టీచరమ్మవి కదా, దిద్దుకో.

నువ్వు విన్నావని నాకు తెలుసు. లోపలి అద్దంలో నీ మొహం కనిపించింది. మావ అరవగానే నీ నోరు తెరుచుకుంది, ఏదో అనబోయావు, అంతలో పడిపోయాం. వరండాలో నేను నిలబడింది అందుకే. నీ నోటి నుంచి వస్తుందని సాయంత్రం దాకా నిలబడ్డాను. దహనం దగ్గరా నిలబడ్డాను. తర్వాత నడుచుకుంటూ వెళ్ళిపోయాను.

నీ మీద కోపంతో పోయాననే ఇన్నేళ్ళూ అనుకుని ఉంటావు. కోపం ఉంది, లేదనను. కానీ పోయింది అందుకు కాదు. నీ ఉత్తరంలో అంతా సరిగ్గానే రాశావు, ఒక్కటి తప్ప. ముందు ఏమీ కనబడలేదన్నావు. వెనక కూర్చున్నదానివి, నీకు కనబడలేదు. నాకు కనబడింది.

రోడ్డు కుడికి తిరుగుతోంది. గట్టు రాళ్ళకి కొట్టిన సున్నం కనిపిస్తోంది. ఎడం పక్క నీళ్ళ మీద పొగ లేస్తోంది. నేను నీళ్ళ మీద మంచు చూడనివాణ్ణా? మా అయ్యతో ఎన్ని పొద్దులు అలాంటి మంచులో ఒడ్డు పట్టుకుని రాలేదు? చెయ్యి అప్పటికే కుడికి తిరుగుతోంది. మావ దాపల అన్నాడు. దాపల అంటే ఏమిటో నాకు బాగా తెలుసు, నువ్వే నేర్పావు. మొదటిసారి అన్నప్పుడు తిప్పలేదు. రెండోసారి గట్టిగా అన్నాడు. అప్పుడు తిప్పాను.

ఎందుకు తిప్పావని నన్నడిగితే ఇంతే చెప్పగలను. పెళ్ళయిన అయిదేళ్ళకి ఆ మనిషి నా చేతికి తాళం ఇచ్చాడు. బయల్దేరేటప్పుడు "సెప్పినట్టు ఇనుకో, నీ పెత్తనం సెయ్యకు" అన్నాడు. మాటకి ఎదురు చెబితే మళ్ళీ సీటు కడిగిస్తాడు. ఆయన మాట తప్పని నా కళ్ళకి తెలుస్తూనే ఉంది, చేతులు మాత్రం ఆయన మాటే విన్నాయి. నా పెళ్ళాం, నా పాప, నాకు దొంగచాటుగా నెత్తళ్ళ చేపలు వేయించి పెట్టిన మా అత్త, అందరూ వెనక ఉండగా, మంచి అల్లుడు అనిపించుకోవడం కోసం నీళ్ళలోకి తిప్పాను. సముద్రంలో ఇలాంటివాణ్ణి పడవ ఎక్కనివ్వరు.

మావ తప్పుగా చెప్పాడు, అంతే. తప్పని తెలిసి చేసినవాణ్ణి నేను. పాపకి నేర్పిన మాట అబద్ధమేమీ కాదు.

వరండాలో నువ్వు ఒక్కమాట అనుంటే నేనూ ఇది అందరి ముందూ చెప్పేసేవాణ్ణి. నువ్వు అనలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం ఒకరి నోటి కోసం ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం.

నేను రాను. ఇక్కడ నాకో మనిషి ఉంది. పదకొండేళ్ళయింది. నా గురించి ఏమీ అడగలేదు, అడిగినా చెప్పేవాణ్ణి కాను. పాపకి చెప్పాలనుకుంటే అంతా చెప్పు. ఈ ఉత్తరం కూడా ఇచ్చెయ్యి. సగం చెప్పి నన్ను మంచివాణ్ణి చెయ్యకు. ఇంక నాకు రాయొద్దు.

యుగంధర్


అరసవల్లి,
మార్చి 14.

బావా,

రాయొద్దన్నావు. ఇది నా కోసం రాయడం లేదు.

శ్రావణికి నిన్న సాయంత్రం మొత్తం చెప్పాను. నువ్వు చెప్పమన్నట్టే నీ ఉత్తరం చేతిలో పెట్టాను. కూర్చోకుండా చదివింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తాత దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన "లక్ష్మణమ్మ ఏదే?" అన్నాడు, రోజూ అడిగినట్టే. "పడుకుంది తాతా" అంది. అంతే, ఆయన్ని ఒక్క మాట అనలేదు.

నన్ను అంది. "తాత బయపడి అబద్దమాడినాడు, నాన్న బయపడి తిప్పీసినాడు. నువ్వేటి సేసినావమ్మా? నన్ను ఒళ్ళో కూకోబెట్టుకుని పంతొమ్మిదేళ్ళు సూత్తా ఉన్నావు." ఎవరి కోసం దాచానని చెప్పను? నాన్న కోసం అందామంటే నాన్నకి తెలుసు. నీ కోసం అందామంటే నువ్వు వెళ్ళిపోయావు. అమ్మ కోసం అనడానికి అమ్మ లేదు. నేను దాచింది ఎవరికీ ఉపయోగపడలేదు బావా, ఒక్కరికి కూడా.

పొద్దున లేచేసరికి బట్టలు సర్దుకుంది. నీ దగ్గరికే వస్తోంది. ఆమదాలవలస స్టేషన్‌కి నన్ను రావద్దంది, ఆటో ఎక్కేసింది. కటక్‌లో దిగి బస్సు ఎక్కుతానంది. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నా, అయినా శ్రావణి నీ దగ్గరికి చేరిన తర్వాతే ఇది నీకు అందుతుంది. కాబట్టి ఇదంతా ముందు జాగ్రత్త కాదు, నీకు తెలియాలని. దానికి కోపం వస్తే తినదు, రెండో పూట బతిమాలకూడదు, మూడో పూట తనే వచ్చి కూర్చుంటుంది. నీ ఇంట్లో ఉన్నావిడ పేరు నువ్వు రాయలేదు. ఆవిణ్ణి ఏమని పిలవాలో ఆవిడనే చెప్పమను. తిట్టనీ, కొట్టనీ, నిన్ను కూడా అననీ. దానికి ఇన్నేళ్ళకి ఒక తండ్రి దొరికాడు, ఎలాంటివాడైనా వాడి మొహం చూసి అనే హక్కు దానిది.

తిరిగి పంపమని అడగను. నాతో మాట్లాడమని దానికి చెప్పకు, చెప్పినా మాట్లాడదు. అన్నం తిందో లేదో ఒక్క ముక్క నువ్వు రాయి. ఆ తర్వాత రాయకపోయినా సరే.

దేవి