అక్క నమ్ముకున్న మిషన్

హనుమకొండ,
ఆగస్టు 1989

పౌలు బావకు వందనాలు.

మీ ఉత్తరం చదివితే చిరాకేసింది. కడుపులో గడ్డ ఉంది, ఈ నెలలోనే ఆపరేషన్ చేయాలని డాక్టరమ్మ చెప్పినా దీనక్క కదలడం లేదని రాశారు. "మా తమ్ముడు కోయకుండ లోపల చూసే మిషన్ తయారు చేస్తాండు. వాడు చూసినంక ఆలోచిద్దాం" అంటున్నదట. మీరేమో ఆ మాటను వర్ధన్నపేట హోటల్లో కూర్చొని అందరికీ చెప్పారు. ఇప్పుడు మీ పక్కింటి సమ్మమ్మ తన మోకాలు కూడా చూడమని కబురు పంపింది.

బావా, అది మనుషులను చూసే మిషన్ కాదు. ఆవగింజంత రేకు ముక్క మీద సన్నటి సూది మొనను నడిపిస్తాం. ముక్కను కింది నుంచి వణికిస్తే, పైపొర కింద ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో ఆ మొనకు తెలిసి, అది తెర మీద బొమ్మగా రావాలి. ఆ లోతు వెంట్రుక మందంలో వెయ్యోవంతు. రోడ్డు మీద లారీ పోయినా బొమ్మ చెడిపోతుందని మిషన్‌ను సైకిల్ ట్యూబులతో వేలాడదీశాం. అయినా ఇంతవరకు సరైన బొమ్మ ఒక్కటి రాలేదు.

ఇదంతా అక్కకు రాశాను. "వాడు చిన్నప్పటి నుంచి తన గొప్ప తక్కువ చేసే చెప్పుకుంటడు" అన్నదట. ఇంకేం చెప్పను?

సరే, చూపిస్తాను. బుధవారం మొదటి బస్సుకు తీసుకురండి. తన వేలిగోరు కూడా అందులో పట్టదని కళ్లతోనే చూసుకుంటుంది. రిక్షాను మా కాలేజీ గేటు దగ్గరే ఆపి ఉంచుతాను. అక్కడి నుంచి నేరుగా దవాఖానకే పోదాం, మంచం మాట్లాడి పెట్టాను. సంచిలో రెండు చీరెలు ఎక్కువ పెట్టండి. ఎందుకని అడిగితే, మిషన్ జర ఆలస్యం చేస్తదని చెప్పండి.

మీ బామ్మర్ది