మింగేసిన మాట

ఓక్లండ్,
మార్చి 9, ఆదివారం.

చెల్లెలు ఒదీలియాకు,

హెర్మెలిండా అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. కానీ నిన్ను ఆ వలసదారుల నిర్బంధ కేంద్రంలో మగవాళ్ల వార్డులో ఉంచారని తెలిసీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తింటున్నావా? మొన్న ఫోనులో అడిగితే మాట మార్చావు, ఇంతలో లైను తెగిపోయింది. అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు నీ విచారణ. ఆశ్రయం ఇవ్వనన్న అధికారి కాగితాన్ని పక్కనపెట్టి, జడ్జి నిన్ను మొదటినుంచి వింటారు. ఇది చిన్న విషయం కాదని లాయరు ఇమెల్డా గారు అంటున్నారు. అయినా నాకు భయమే. ఈలోపు నిన్ను వేరే రాష్ట్రానికి మార్చేస్తే? పోయిన నెల అక్కడే ఉన్న హోండురాస్ పిల్లను చెప్పాపెట్టకుండా బస్సెక్కించారు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యకుండా లాయరు గారి చేతికే ఇస్తున్నాను.

ఇక్కడి సంగతులు. నీ తరఫున సంతకాల కోసం గ్వాటెమాలా నుంచి వచ్చిన మన మామ్ భాష మాట్లాడేవాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. పాస్టరు గారి భార్య, "మగపిల్లాడికి లంగా కట్టి ఊరేగిస్తావా, హెర్మెలిండా? రేపు మా పిల్లలకీ ఇదే నేర్పుతావా?" అంది. పక్కన కూర్చుని మొక్కజొన్న పిండిని ఆకుల్లో పెట్టి తమాలెలు చుడుతున్న ఉఫేమియా అవ్వ తలెత్తకుండానే, "కొడుతుంటే ఆ పిల్ల ఏ భాషలో ఏడ్చిందే? మన భాషలోనేగా? అయితే మన పిల్లే. ఆ కాగితం ఇటు తే" అంది. అవ్వకు రాయడం రాదు, వేలిముద్ర వేసింది. ఆమెను చూసి ఇంకో పదకొండు మంది సంతకం చేశారు. పాస్టరు గారి భార్య చెయ్యలేదు.

సెలూన్ నడిపే జులిస్సా గుర్తుందా, నీలాగే ఆడదానిగా బతకడానికి ఇల్లు విడిచి వచ్చిన ఆవిడ? నీకు తన ఇంట్లో చోటిస్తానని జడ్జికి రాసిచ్చింది. "రాగానే ముందు దాని జుట్టు సంగతి చూడాలి, లోపల ఏ కొడవలితో కోశారో ఏమో" అని నన్ను నవ్వించబోయి తనే ఏడ్చింది. గురువారం ఆమె స్నేహితురాళ్లూ మన ఊరి ఆడవాళ్లూ కోర్టు బయట నిలబడతారు. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో ఇంకా తేలలేదు. ఆ పంచాయితీ కూడా నా నెత్తినే.

లోపల తొందరపడకు. ఊళ్లో మీ బాబాయి, ఆయన మనుషులు నిన్ను ఏమని తిట్టి కొట్టారో ఆ మాటలే చెప్పు. సిగ్గుపడి స్పానిష్‌లోకి పోకు, నీకొచ్చిన ఆ నాలుగు ముక్కలే నిన్ను ముంచుతాయి. అర్థం కాకపోతే కాలేదను. తల మాత్రం ఊపకు, ఊపితే అవునని రాసుకుంటారు.

నీ మేలు కోరే
హెర్మెలిండా కల్మో

తా.క.: ఇది పైనే రాయాల్సింది. మూడుసార్లు రాసి చింపాను. ఆ అధికారి చేసిన మొదటి ఇంటర్వ్యూలో, ఫోనులో, నీ మాటలను తర్జుమా చేసిన గొంతు నాదే. అక్కడ తర్జుమా చేసే మా పేర్లు చెప్పరు, నంబరే చెబుతారు. "నేను ఆడదాన్ని, అందుకే చంపబోయారు" అన్నావు నువ్వు. నాకు నోరు రాలేదు. ఇంటి తగాదాలో కొట్టారని చెప్పాను. అధికారి అదే రాసుకుని నిన్ను కాదన్నాడు. ఆ తర్వాతే నిన్ను వెతుక్కుంటూ వచ్చాను. అద్దం అవతలనుంచి నువ్వు "నీ గొంతు ఎక్కడో విన్నానక్కా" అంటే, మనూరి ఆడవాళ్ల గొంతులన్నీ ఒకటేలే అనేశాను.

జడ్జి మళ్లీ వింటానన్నది నేను ప్రమాణం చేసి ఇదంతా రాసిచ్చినందుకే. ఆ ఉద్యోగం పోయింది. పోవాల్సిందే. గురువారం ప్రిసిలా అని వేరే ఆవిడ తర్జుమా చేస్తుంది. నీ సంగతి నేను ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు, నీ నోటే వినాలి.

నేను బయట ఆడవాళ్లతో ఉంటాను. నా మొహం చూడాలని లేకపోతే లాయరు గారితో చెప్పు, వీధి చివరకు పోయి నిలబడతాను. ఇంటికి మాత్రం పోను.