రెండో శనివారం హాలు

మచిలీపట్నంలో సొంత ఇంట్లో ఉంటూ, గుడివాడలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన బందెల రాజారత్నం అనే నేను, కీ.శే. బందెల దావీదు గారి కుమారుణ్ణి, డెబ్బై మూడేళ్ల వయసులో రాసుకున్న వీలునామా ఇది. షుగరు తప్ప నాకు వేరే జబ్బు లేదు. మతి స్థిమితంగా ఉంది. దీన్ని రాయమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. నా చేత్తోనే రాస్తున్నాను. ఇంతకు ముందు మరో వీలునామా రాయలేదు.

నా భార్య అన్నమ్మ డ్రైనేజీ శాఖలో ఇంజనీరు. దివిసీమ మురుగు కాలువల మీద ముప్పై నాలుగేళ్లు పనిచేసి డి.ఇ.గా, అంటే డిప్యూటీ ఇంజనీరుగానే, రిటైరైంది. రెండేళ్ల కిందట మార్చిలో పోయింది. అందువల్ల ఇందులో ఆమె వస్తువులే ఎక్కువ.

1. ఇల్లు నా స్వార్జితం. నా తర్వాత నా కుమారుడు మార్కుకు సర్వహక్కులతో చెందుతుంది. షరతు ఒక్కటే. వీధి వైపు హాలు ప్రతి నెలా రెండో శనివారం పది గంటల నుంచి ఒంటిగంట వరకు ఆడపిల్లల కోసం తెరిచి ఉండాలి. ఒక్క పిల్ల వచ్చినా తెరవాలి. ఏడాదిపాటు వరుసగా ఎవరూ రాకపోతే షరతు రద్దు.

మార్కు గుడివాడలో బ్యాంకు ఉద్యోగి. నెమ్మదస్తుడు. "నెలకి ఒక్క పూట కోసం హాలంతా ఖాళీగా పెట్టుకుంటామా నాన్నా? మందుల షాపుకి ఇద్దాం" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. అయినా ఇవ్వకూడదు.

2. ఆ శనివారాల సంగతి తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలి కనుక రాస్తున్నాను. రిటైరైన ఏడాది అన్నమ్మ, ఆమె స్నేహితురాలు కామేశ్వరమ్మ గారు కలిసి వీటిని మొదలుపెట్టారు. కామేశ్వరమ్మ గారు నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేశారు. ఉద్యోగాల్లో పైకి వచ్చిన ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టేవారు. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ నుంచి పాలిటెక్నిక్, డిగ్రీ చదివే అమ్మాయిలు బస్సుల్లో వచ్చి వినేవారు. నియమం ఒకటే. వచ్చినావిడ ముందు తన ఉద్యోగంలో చేసిన పెద్ద తప్పు చెప్పాలి. హోదా ఆ తర్వాత. చెప్పిన తప్పును నోట్‌బుక్కులో సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి.

ఎవరైనా పదవులతో మొదలుపెడితే అన్నమ్మ ఆపేసేది. "అవి మీ నేమ్‌ప్లేటు మీద చదువుకుంటార్లెండి. ముందు తప్పు చెప్పండి."

నేను వంటింట్లో టీ కాచేవాణ్ణి, శనగలు ఉడకబెట్టేవాణ్ణి. ఆమె పోయాక కూడా నా పని అదే. పదకొండేళ్లలో ఆ హాల్లో ఒక్కసారీ మాట్లాడలేదు.

నోట్‌బుక్కులు నాలుగున్నాయి. అవి కామేశ్వరమ్మ గారికి.

3. అన్నమ్మ రబ్బరు బూట్లు నాగశ్రీకి. ఈ అమ్మాయిది నాగాయలంక. మొదటి ఏడాది వెనక వరుసలో కూర్చుని, పేరు అడిగితే పక్కపిల్ల వైపు చూసేది. ఇప్పుడు అవనిగడ్డలో అసిస్టెంట్ ఇంజనీరు. పోయిన వానాకాలం నాసిగా వేసిన గట్టును కాంట్రాక్టరు చేత రెండోసారి వేయించింది. బూట్లు మగవాళ్ల సైజు. శాఖలో ఆ సైజే ఇచ్చేవారు. అన్నమ్మ వేళ్ల దగ్గర న్యూస్‌పేపరు కుక్కి తొడుక్కునేది. ఆ పేపరు ఇంకా లోపలే ఉంది. నేను తీయలేదు. నాగశ్రీ తీసేయవచ్చు.

4. ముప్పై మీటర్ల స్టీలు టేపు నా మనవరాలు నిస్సీకి. ఇంజనీరింగు ఇష్టం లేదంటోంది. అయినా ఇవ్వాలి. దానితో ఏం కొలుచుకుంటుందో దాని ఇష్టం.

5. నన్ను అన్నమ్మ పక్కన సమాధి చేయాలి. ఆమె రాతి మీద "రాజారత్నం గారి భార్య" అని చెక్కించాను. ఆ రోజు అంతకు మించి తోచలేదు. దాని కింద "డ్రైనేజీ ఇంజనీరు, దివిసీమ" అని చేర్పించాలి. నా రాతి మీద "అన్నమ్మ గారి భర్త" అంటే చాలు.

6. కాంతారావు గారు శాఖలో అన్నమ్మ కంటే జూనియరు. ఆమెను దాటి సూపరింటెండింగ్ ఇంజనీరు అయ్యారు. ఒక శనివారం పిలవకుండానే వచ్చి గంటసేపు తన పదవులు చెప్పి, "నేను తప్పు చేయలేదమ్మా, చేయనిచ్చేవాణ్ణీ కాదు" అని నవ్వి వెళ్లారు. నేను పోయాక ఆయన్ను ఈ గుమ్మం ఎక్కనివ్వకూడదని మొదట రాశాను. కొట్టేశాను. ఆయన ఎక్కిన కుర్చీ ఖాళీ చేయించింది నేను. ఆ సంగతి ఏడో అంశంలో ఉంది. ఆయన రావచ్చు. నియమం పాటించాలి.

7. మొదటి నోట్‌బుక్కు మొదటి పేజీ అన్నమ్మది. అక్కడున్నది ఇది: "2001లో నాకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ప్రమోషన్ వచ్చింది. శ్రీకాకుళం వేశారు. వద్దని రాసిచ్చాను. అదే నా తప్పు. నన్నెవరూ బలవంతం చేయలేదు."

చివరి వాక్యం నిజం కాదు. వద్దనే ఆ ఉత్తరాన్ని డ్రాఫ్టు చేసింది నేను. "కుటుంబ పరిస్థితుల దృష్ట్యా" అనే మాట నాది. కారణం మార్కు చదువని అందరికీ చెప్పాం. మార్కు అప్పుడు హాస్టల్లో ఉన్నాడు. అసలు కారణం, ఆ ఏడాది నాకు ప్రిన్సిపాల్ పదవి వచ్చేలా ఉండటం. ప్రిన్సిపాల్ ఇంట్లో ఆడమనిషి లేకపోతే ఎలా అని నేను నాలుగు రోజులు ముభావంగా ఉన్నాను. అయిదో రోజు ఆమె నా డ్రాఫ్టును తన దస్తూరీతో తిరగరాసింది. "మాస్టారు ఇంగ్లీషు బాగా రాస్తారు" అని మాత్రం అంది. తర్వాత పదమూడేళ్లు ప్రమోషన్ల జాబితాలో ఆమె పేరు మళ్లీ రాలేదు. ఏటా కొత్త పిల్లలకు ఆ తప్పు తనదేనని చెప్పింది. వంటింట్లోకి వినపడేది. నేను గ్లాసులు కడుగుతూ ఉండేవాణ్ణి.

ఆ పేజీలో కింద ఖాళీ ఉంది. తప్పు నాదని అక్కడ రాసి సంతకం పెట్టాను. నా మరణం తర్వాత వచ్చే మొదటి రెండో శనివారం దాన్ని అందరి ముందూ చదవాలి.

8. ఈ వీలునామాను అమలు జరిపే ఎగ్జిక్యూటరు కామేశ్వరమ్మ గారు. ముందు నాగశ్రీ పేరు రాసి కొట్టేశాను. కొట్టివేతల పక్కన పొడి సంతకాలున్నాయి. నాగశ్రీ మీద నమ్మకం లేక కాదు. ఆమె ఈ ప్రాంతంలో ఉండకూడదని నా కోరిక.

పోయిన ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. డి.ఇ.గా ప్రమోషన్ వచ్చింది, విజయనగరం వేశారు. భర్తకు నాగాయలంకలో రొయ్యల చెరువులున్నాయి. "మాస్టారూ, ప్రమోషన్ వద్దని ఒక లెటరు డ్రాఫ్టు చేసిపెట్టండి. మీరు రాస్తే బాగుంటుందండి. ఈ నెలాఖరులోపు ఇచ్చేయాలి" అంది. రాసిస్తానని అన్నాను. నాలుగు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అయిదో రోజు ఈ వీలునామా మొదలుపెట్టాను.

ఆ ఉత్తరం నేను రాయను. వెళ్లాలో వద్దో ఆమె నిర్ణయించుకుంటుంది. కానీ ఆ పేజీ పూర్తిగా విన్నాక నిర్ణయించుకోవాలి. ఆమెకు గడువు నెలాఖరు. నా మరణానికి గడువు తెలియదు. కాబట్టి ఏడో అంశంలో "నా మరణం తర్వాత" అన్న మాటలు కొట్టేస్తున్నాను.

రేపు రెండో శనివారం. నేను హాల్లో కూర్చుంటాను. టీ ఎవరైనా కాయండి.

మచిలీపట్నం, 11 జూలై 2025, శుక్రవారం.

(సంతకం) బందెల రాజారత్నం

రాజారత్నం గారు మా ఎదుట సంతకం చేశారు, ఆయన ఎదుట మేము చేశాము:
1. సీతారామయ్య, రిటైర్డ్ పోస్టుమాస్టరు, ఎదురింటివారు
2. గంగరాజు, లైబ్రేరియన్