క్యారియర్‌కి రెండు రబ్బరు మూతలు

వెల్డింగ్ షెడ్డు నుంచి,
జూన్ 9, ఆదివారం

చిరంజీవి పొట్టికి,

అన్నయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, షెడ్డూ, షెడ్డులో ఈనిన పిల్లీ క్షేమం. నీ క్షేమం అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. భుజం ఎలా ఉంది? చెయ్యి పైకి లేస్తోందా?

బావ ఫోన్ చేసి మొత్తం చెప్పాడు. తను డ్యూటీలో ఉండగా నువ్వు స్టూలెక్కి, ఒక్కదానివే ఎర్ర కయాక్ పడవని కారు టాపు మీది క్యారియర్‌కి ఎత్తబోయావనీ, అది జారి నీ భుజం మీద పడిందనీ. అంతవరకూ ఎలాగో విన్నాను. అన్నయ్య చేసిన క్యారియర్‌లో ఏ లోపమూ లేదు, పొట్టిదాన్ని అయ్యుండి ఎగబడ్డం నాదే తప్పు అని నువ్వన్నావని చెప్పాడు చూడు, అది మాత్రం వినలేకపోయాను. గ్రైండర్ ఆపేసి బల్ల మీద కూలబడ్డాను. కయాక్‌లు రెండూ అమ్మేస్తున్నావటగా. శనివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారటగా.

వాటిని అమ్మెయ్యకు తల్లీ. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్న పార్సిల్ విప్పి చూసేదాకా ఆగు.

ఆ క్యారియర్ చేసిన రోజులు గుర్తున్నాయా? బజార్లో దొరికేవేవీ నీ బండికి కుదరడం లేదని నా దగ్గరికొచ్చావు. కయాక్ అడుగు ఎలా వంపు తిరిగిందో అట్టముక్క కోసి చూసుకున్నాం. పైపుని ఆ వంపుకి తేబోయి నేను నలిపేస్తే, నువ్వు పడీపడీ నవ్వి పెయింటు డబ్బా తన్నేశావు. గీతలు పడకుండా పైపులకి తొడిగిన స్పాంజి తొడుగులు నువ్వే కుట్టావు. అప్పుడే అడిగావు, నేనొక్కదాన్నే ఎక్కించుకునే ఏర్పాటు ఏదైనా పెట్టు అన్నయ్యా అని. అలాంటిది పెడితే ఈ టాపు ఆ అదనపు బరువుకి ఆగదు, ఇద్దరు పట్టాల్సిందే అని తేల్చేశాను.

ఇక ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి షెడ్డు ముందు హారన్ కొట్టేదానివి. ముందు నువ్వు పట్టేదానివి, వెనక నేను. పాపం, నా కోసమని నీలం కయాక్ కూడా కొన్నావు. అందులో నేను ఎక్కడమూ బోర్లా పడడమూ ఒకేసారి జరిగేవి కాబట్టి, చెరువు గట్టున కూర్చుని టీ ఫ్లాస్కుకి కాపలా కాసేవాణ్ణి. నీకు బదిలీ అయ్యాక కూడా ఆదివారాలు షెడ్డు తెరుస్తున్నాను. పనేమీ ఉండదు. ఊరికే తెరుస్తాను.

సరే, పార్సిల్ సంగతి. అందులో ఒక రోలర్ ఉంది. ఇన్నాళ్ళకి నా మొద్దు బుర్రకి తట్టి చేశాను. క్యారియర్ వెనక కడ్డీకి రెండు రబ్బరు మూతలున్నాయి కదా, వాటిని పీకేసి, ఆ రంధ్రాల్లో బోల్టులు దింపి రోలర్ బిగించమని బావకి చెప్పు. కయాక్ ముక్కుని దాని మీద ఆనించి వెనక నుంచి తోస్తే చాలు, జారుకుంటూ పైకి పోతుంది. సగం బరువు బండే మోస్తుంది. స్టూలు అక్కర్లేదు. కానీ భుజం పూర్తిగా నయమయ్యాకే సుమా.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. నా గొంతు నన్ను పట్టించేస్తుందని రాస్తున్నాను.

ఇట్లు,
తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
అన్నయ్య

తా.క.: కవరు అంటించబోయి మళ్ళీ తెరిచాను. ఆ రోలర్ ఇప్పుడు చేసింది కాదు పొట్టీ. దాని రంగు చూడు, క్యారియర్ రంగే. నువ్వు తన్నేసిన డబ్బాలో మిగిలిన పెయింటే. క్యారియర్‌తో పాటే చేశాను, బిగించి చూశాను కూడా. నువ్వు బండి తీసుకెళ్ళడానికి వచ్చేలోపు విప్పేసి బల్ల కింద దాచాను. టాపు ఆగదన్నదీ అబద్ధమే. ఆ రంధ్రాలెందుకని నువ్వడిగితే వాననీళ్ళు పోవడానికి అన్నాను. నీళ్ళు పోయే రంధ్రానికి మూతెందుకని నువ్వు అడగలేదు. అన్నయ్య చెప్పాడు కదా అని నమ్మేశావు.

అది బిగిస్తే నీకు నాతో పనుండదని భయపడ్డాను. ఆదివారం నన్ను వెతుక్కుంటూ వచ్చేది నువ్వొక్కదానివే. నువ్వు ఊరు మారుతున్న రోజైనా ఇచ్చేద్దామని బయటికి తీసి, మళ్ళీ బల్ల కిందకే తోశాను. నువ్వు పొట్టిగా ఉండడం వల్ల ఏమీ కాలేదు. ఆ బరువు నీ భుజం మీద పడేసింది నేను.

ఇక నన్ను పిలవాల్సిన అవసరం నీకు లేదు. అవసరం లేకపోయినా పిలుస్తావేమోనని ఆదివారాలు షెడ్డు తెరిచే ఉంచుతాను.